పొత్తు కాగితంలో నేను తిప్పేసిన పేజీ

ఏ ఒప్పంద పత్రం చేతికొచ్చినా నేను చివరి నుంచి చదవడం మొదలుపెడతాను. వ్యాపారులు కలిసేటప్పుడు ఎవరు ఏం పెడుతున్నారో అందరూ అడుగుతారు. విడిపోతే ఏది ఎవరిదని అడిగేవాళ్లు అరుదు. ఆ షరతు దగ్గరికి రాగానే కాగితం మీద ఒక అరచేయి ఆనించి ఉన్నట్టు కనిపిస్తుంది. అది మా చిన్నబాపుది, అంటే మా నాన్న తమ్ముడిది.

ఎనభైల నాటి మాట. బోథ్ రోడ్డు మీద చిన్నబాపుకు నాలుగెకరాల జాగా, అందులో పాత జిన్నింగ్ మిల్లు, ఒక మూల ఇల్లు ఉండేవి. పత్తి నుంచి గింజ తీసే మిషన్లు అరిగిపోయాయి. మంచిర్యాల సేటు ఒకాయన కొత్తవి తెస్తానన్నాడు. జాగా చిన్నబాపుది, మిషన్లు సేటువి, మిల్లు ఇద్దరిదీ. "ఉమ్మడి గొడ్డు పుచ్చి సస్తది" అని బాపు దెప్పినా చిన్నబాపు నవ్వి ఊరుకున్నాడు.

పత్రం ఇంగ్లిషులో వచ్చింది. ఇంట్లో ఇంగ్లిషు వచ్చింది నాకొక్కడికే. కొత్తగా నల్లకోటు వేసుకున్నాను, గర్వం నెత్తికెక్కి ఉంది. కొండగట్టు ఆంజనేయుడి ముందే సంతకాలు పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. అంజన్న దర్శనమయ్యాక, సత్రం వరండాలో కూర్చుని ఒక్కో షరతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పదకొండో షరతు ప్రకారం, ఒక భాగస్తుడు పోతే జాగాతో సహా అంతా బతికున్నవాడిదే. వారసులకు పత్రంలో రాసిన వెల తప్ప ఏమీ రాదు. "ఇద్దరిలో ఒకరు చనిపోతే" అన్నానో లేదో, చిన్నబాపు కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"శుభమా అని కలుస్తుంటే గా సావు మాటెందుకు బిడ్డా? అంజన్న ముంగట గసుంటియి సదువద్దు. మలుపు."

మా వైపు అంతే. పెళ్లిలోనైనా పొత్తులోనైనా మంచి ముహూర్తాన చెడ్డ మాట నోట రానివ్వరు. సేటు కూడా తలూపాడు. నేను పేజీ తిప్పాను. కొండ దిగాక చెబుదామనుకున్నాను. సంతకాలయ్యాక చెప్పి ఏం లాభమో వకీలునై ఉండి ఆలోచించలేదు. బస్సులో ఆయన సంతోషం చూసి నోరు రాలేదు.

నాలుగో ఏడు పత్తి కాలంలో చిన్నబాపు మిల్లులోనే గుండె ఆగి పోయాడు. దినాలయ్యాక సేటు పత్రం తెచ్చాడు. ఆయన మోసం చేయలేదు, రాసుకున్నదే అడిగాడు. తిట్టాలంటే నన్నే తిట్టాలి.

చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నువ్వే సదివి చెప్పినవట గదా కొడుకా. నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టే మాట గందుల ఉన్నదని మీ చిన్నబాపుకు తెల్వదా?"

తెలియదు, నేనే చెప్పలేదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. నా పరువు అడ్డమొచ్చింది.

"తెలుసు చిన్నమ్మా. తెలిసే సంతకం పెట్టిండు" అన్నాను.

ఆమె ఏడవలేదు. "అంటే నేనొకదాన్ని ఉన్ననని ఆయనకు యాదే లేకుండె" అంది.

ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేసి కరీంనగర్‌లో తమ్ముడింటికి పోయింది. ఏటా చిన్నబాపు సంవత్సరీకానికి పిలవడానికి నేనే వెళ్లేవాడిని. "నన్ను యాది చెయ్యనోన్ని నేనెందుకు యాది చెయ్యాలె?" అనేది. ఒక్కసారీ రాలేదు. నేను ఆమె ముందే నిలబడి ఉండేవాడిని. ఆమె చనిపోయేదాకా నిజం చెప్పలేదు.