నేనొచ్చే తలుపుకే ఆవుని కట్టేశాను

మొన్న విరుదునగర్‌లో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇంకా మీ దాకా రాలేదా? మా ఆవిడ ఊరంతా చెప్పేసిందనుకున్నానే. సరే, నా నోటితోనే వినండి, ఆమె చెబితే ఇంకా అన్యాయంగా ఉంటుంది. ఒక్క లైను కమాండుతో మా అత్త పంట ఇన్సూరెన్స్‌కి ఎసరు పెట్టాను. అదీ ఇక్కడ కోవిల్‌పట్టిలో, మా మిల్లు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని.

అత్తగారిల్లు విరుదునగర్ చివర, రోడ్డు పక్కనే. ముందుగదిలో మా మరదలు కస్తూరి ఆన్‌లైన్ సేవల సెంటర్ పెట్టుకుంది. వెనక కొట్టం, అందులో చూడి ఆవు. సెంటర్లో ఉన్న నాలుగు కంప్యూటర్లకీ నెట్టు పంచడానికి ఒక పాత కంప్యూటర్లో లినక్స్ వేసి అటక మీద పెట్టింది నేనే. రెండేళ్ళుగా ఆ ఇంట్లో నా పరువంతా ఆ పెట్టె మీదే నిలబడి ఉంది.

ఆ పెట్టె చేసే పనేంటో తెలియాలంటే ముందు మా అత్త సంగతి తెలియాలి. మావాళ్ళలో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. నేను రెండడుగుల దూరంలో కూర్చున్నా సరే, "కాఫీ తాగుతారా అడుగు" అని కస్తూరితో అంటుంది. కస్తూరి నన్నడుగుతుంది. నా జవాబు మళ్ళీ కస్తూరి మీదుగానే పోవాలి. లినక్స్ లోపల కెర్నల్ చేసేదీ అదే. లోపలి కంప్యూటర్ ఏదైనా అడిగితే దాని అడ్రసు చెరిపేసి, సెంటర్ అడ్రసు రాసి బయటికి పంపుతుంది. ఎవరడిగారో పట్టీలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టీ చూసి వాళ్ళకి అందిస్తుంది. నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ అంటే ఇంతే, పేరే పెద్దది.

ఆ రోజు పొద్దున మా ఆవిడ స్కూలుకి పోతూ గొణిగింది. ఆమె టీచరు. "ఆవు ఇవాళో రేపో ఈనేట్టుంది. కొట్టంలో కెమెరా పెట్టి ఏం లాభం, ఇక్కడికి కనపడదాయె." ఎంత మాట. మిల్లుకి పోగానే, పదిగంటల టీ కూడా మానేసి, ఇక్కడినుంచే ఆ పెట్టెలోకి లాగిన్ అయ్యాను.

మా మిల్లు నెట్టులో 443 అనే ఒక్క పోర్టు తప్ప బయటికి దారి లేదు. పోర్టంటే తలుపనుకోండి. అందుకని ఆ పెట్టెలోకి నేను పోవడం కూడా ఆ తలుపులోంచే. ఇప్పుడు కెమెరాకీ అదే తలుపు కావాలి. "443కి వచ్చినదాన్నంతా కొట్టంలో కెమెరాకి పంపు" అని రూలు రాశాను. కరెంటు పోయి వచ్చినా రూలు చెరిగిపోకూడదని సేవ్ కూడా చేశాను. నా ఫోన్లో తెరిచి చూస్తే ఆవు నిమ్మళంగా నెమరేస్తోంది. మా ఆవిడకి లింకు పంపాను. పెట్టెలో నా లాగిన్ కూడా చక్కగా పనిచేస్తోంది. తృప్తిగా ఎగ్జిట్ కొట్టి బయటికొచ్చేశాను.

నేను మరిచిపోయినవి రెండు. ఒకటి, ఆ తలుపు నాది కూడా. రెండు, "బయటినుంచి వచ్చేదాన్ని మాత్రమే" అన్న ముక్క రూల్లో రాయలేదు. ఈ కాలంలో ఏ సైటుకి పోవాలన్నా 443 మీదుగానే. అంటే సెంటర్లో కూర్చుని ఎవరు ఏ సైటు తెరిచినా నేరుగా మా కొట్టానికే పోతారు. మరి నా లాగిన్ ఎలా పనిచేసిందంటారా? కెర్నల్ ఈ రూళ్ళని వచ్చే ప్రతి ప్యాకెట్‌కీ, అంటే ప్రతి సమాచారపు ముక్కకీ, చూడదు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చూసి పట్టీలో రాసుకుంటుంది. పాతవాళ్ళకి పాత దారే. నేను పాతవాణ్ణి కాబట్టి నాకంతా బాగానే కనిపించింది.

పన్నెండున్నరకి భోజనాల బెల్లు కొట్టాక మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏమండీ, పదకొండు నుంచి అమ్మ నా ఫోన్‌కి ఎనిమిదిసార్లు చేసింది. సెంటర్లో ఇన్సూరెన్స్ సైటు తెరిస్తే ఏదో వార్నింగ్ వస్తోందట. అది దాటితే మన ఆవు వస్తోందట."

"నాకు చెయ్యొచ్చు కదా."

"మీకెలా చేస్తుంది?"

అదీ నిజమే. కస్తూరి ఆ టైముకి తిరుచ్చులి పక్కన ఊళ్ళో అత్త చేనుకి అడంగల్ కాగితం తేవడానికి పోయింది, అక్కడ ఫోన్ అందదు. సెంటర్లో అత్త ఒక్కతే, కస్తూరి నేర్పినట్టు సైటు తెరిచి చూస్తోంది. నా నంబరు ఆమె ఫోన్లో ఉంది. మా ఆవిడ ఫోనేమో క్లాసుల టైములో స్టాఫ్‌రూమ్ బీరువాలో ఉంటుంది. అలా గంటన్నర పోయింది.

"ఇవాళ ఆఖరి రోజండీ. ఐదింటికి మూసేస్తారు" అంది మా ఆవిడ. పోయినేడు అత్త ఆరెకరాల మినుము కోతకొచ్చాక నాలుగు రోజులు వాన పట్టి, కాయలోనే మొలకెత్తిపోయింది. ఇన్సూరెన్స్ కట్టలేదు. ఈ ఏడు కూడా అది లేకపోతే చేను కౌలుకిచ్చేస్తానంది. మామ పోయిన దగ్గర్నుంచి ఆమెని నిలబెట్టింది ఆ నల్లరేగడి చేనే.

వెంటనే లాగిన్ కొట్టాను. పెట్టె బదులు కెమెరా పలికింది. నేనొచ్చే తలుపుకే ఆవుని కట్టేశానని అప్పుడు వెలిగింది. ఈలోగా కస్తూరి ఇంటికొచ్చి ఫోన్ చేసింది.

"బావా, పెట్టె ఆపి మళ్ళీ వేసేదా?"

"లాభం లేదు. రూలు సేవ్ చేశాను."

"నా ఫోన్ నెట్టు పెట్టి చూశాను. మా లాగిన్, సెంటర్ అడ్రసు నుంచి వస్తేనే తెరుచుకుంటుందట. పక్క సెంటర్లలో టోకెన్లు అయిపోయినాయి." మళ్ళీ తనే అడిగింది, "అటక మీద పెట్టెకొచ్చే నెట్టు తీగ పీకి, నేరుగా నా కంప్యూటర్‌కి పెట్టేదా?"

"ముట్టుకోవద్దు. కాపలా లేకుండా కంప్యూటర్ని నడిరోడ్డు మీద పెట్టినట్టే అది. నేనొస్తున్నా."

ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మేనేజరు దగ్గర పర్మిషన్ దొరికి బస్సెక్కేసరికి రెండు దాటింది. అది సాత్తూరు స్టాండులోకి పోయి ఇరవై నిమిషాలు కదల్లేదు. కండక్టర్ని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగబోతే ఆయనే నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఇంట్లో అడుగుపెట్టేసరికి నాలుగూ ఐదు నిమిషాలైంది.

అత్త పసుపు సంచిలో కాగితాలు పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకి జరిగింది. పెట్టె దించి, మానిటరూ కీబోర్డూ తగిలించేసరికి నాలుగు ఇరవై. ఒక్క రూలు తియ్యాల్సినవాణ్ణి, తొందరలో రూళ్ళ పట్టికంతా తుడిచేశాను. స్క్రీన్ మీంచి ఆవు పోయింది. దాంతోపాటు అడ్రసు మార్చి పంపే రూలూ పోయింది. ప్యాకెట్లు లోపలి అడ్రసుతోనే బయటికి పోతున్నాయి, జవాబు ఎవరికివ్వాలో బయటివాళ్ళకి తెలియదు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది.

దాన్ని తిరిగి రాయడం కూడా ఒక్క లైను పనే. రాశాను. బయటి తీగ పేరు రాయాల్సిన చోట లోపలి తీగ పేరు రాశాను. చెరిపి మళ్ళీ రాశాను, మళ్ళీ అదే. నాలుగు ముప్పై ఎనిమిది.

అప్పుడు అత్త గొంతు వినిపించింది. "కస్తూరీ, మీ బావగారిని కాస్త లేచి ఇటు కూర్చోమను."

కస్తూరి చెప్పేదాకా ఆగలేదు నేను. లేచి గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కస్తూరి పెట్టెకొచ్చే తీగ పీకి తన కంప్యూటర్‌కి గుచ్చింది. సైటు తెరుచుకుంది. అడంగల్ ఎక్కించింది. సైటు అత్త వేలిముద్ర అడిగింది. కలుపు తీసీ తీసీ గీతలు అరిగిపోయిన వేలు, మెషిన్ ఒప్పుకోలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టింది. ఊహూఁ. ఎడమచేతి బొటనవేలు పెట్టమంది కస్తూరి. మెషిన్ తీసుకుంది. నాలుగు యాభై రెండుకి రసీదు ప్రింటయింది.

ఒంటిగంటకి నన్ను అడిగిన పనే కస్తూరి అప్పుడు చేసింది. మూడున్నర గంటలు ఆ మనిషిని గడప దగ్గర నిలబెట్టింది నా కమాండు కాదు, నా గొప్ప. అది ఆమెకి చెప్పాలని స్టూలు మీంచి లేచాను.

అత్త రసీదు సంచిలో పెట్టుకుని, "మీ బావగారు మధ్యాహ్నం సాపాటు తిన్నారో లేదో అడుగు" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. వంటింటి వైపు పోతూ ఆగి, గోడని చూస్తూ ఇంకో మాట అంది. "వచ్చే ఏడు ఆఖరి రోజున మీ బావగారిని ఏ పెట్టె జోలికీ పోకుండా ఒక చోట కూర్చోమని చెప్పు."

నేను తలవంచుకుని అన్నం తిని బస్సెక్కాను. ఇంటికి రాగానే మా ఆవిడ ఎదురొచ్చింది.

"అమ్మ మీతో ఒక మాట చెప్పమంది."

"విన్నాను. నేనక్కడే ఉన్నాను కదా."

"తెలుసట. అయినా ఇంకోసారి చెప్పమంది."