కొండల్ రావు చక్రాల ఇంట్లో వాసన

గ్రీన్ కార్డు వచ్చాక మనవాళ్ళు ఇల్లు మారుస్తారు, ఉద్యోగం మారుస్తారు, కొందరు ఏకంగా స్వభావమే మార్చుకుంటారు. ఇల్లినాయి రాష్ట్రం అరోరాలో మా వీధి చివర ఉండే కొండల్ రావు మాత్రం ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లన్నమాట. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, నిలబడితే రెండు మోచేతులూ గోడలకు తగిలే బాత్‌రూమ్. వీసా మీద ఉన్నన్నాళ్ళూ ఆయన విహారయాత్రలన్నీ స్టాంపింగ్ కోసం కాన్సులేట్ల దాకానే. ఆ ఊళ్ళలో చూడదగ్గవి ఏమున్నాయో ఆయనకు తెలియదు గానీ, వెయిటింగ్ హాళ్ళలో కుర్చీలెలా ఉంటాయో వర్ణించి చెబుతాడు. ఇక ఉద్యోగం పోయినా దేశం విడిచి పోనక్కర్లేదని తెలిసిన ఏడాదే, ఇంట్లో ఎవరూ అడగని ఈ వస్తువును తెచ్చి వాకిట్లో పెట్టాడు.

వాకిట్లో రెండు రోజులకు మించి ట్రైలర్ ఉంచకూడదని మా కాలనీ అసోసియేషన్ రూలు. మూడోరోజు తెల్లారేసరికి ఈమెయిల్ వచ్చింది. ఆ అసోసియేషన్ మరే పనిలోనూ అంత చురుగ్గా ఉన్న దాఖలా లేదు. దాంతో ట్రైలర్ ఊరి బయట అద్దె స్థలంలో, ఎవరెవరివో పడవల పక్కన, చలికాలమంతా మంచు కప్పుకుని పడుకుంది. ఏప్రిల్‌లో ఎండ కాసిన రోజు వెళ్ళి తలుపు తీస్తే, ఆయనకంటే ముందు వాసన ఎదురొచ్చి పలకరించింది.

హైస్కూల్లో చదివే కూతురు వేద గుమ్మం దగ్గరే ఆగిపోయి, "నాన్నా, లోపల ఏదో చచ్చింది. లైక్, లాస్ట్ ఇయర్ చచ్చింది" అంది. భార్య నాగమణి లోపలికి ఒక కాలు పెట్టి, ఆ కాలు కూడా వెనక్కి తీసుకుంది. తిరుగు దారిలో కారులోనే తీర్పు చెప్పింది.

"మెమోరియల్ డే దాక చూస్త. అప్పటికి గూడ గిట్లనే కంపు గొడితే అమ్మేయండి. నేనైతే ఎక్క."

మే నెలాఖరులో వచ్చే ఆ సెలవులకే విస్కాన్సిన్‌లో ఒక సరస్సు ఒడ్డున ఆయన చోటు బుక్ చేసి ఉన్నాడు. సాయంత్రం వాకింగ్‌లో ఇదంతా నాకు చెబుతూ, వాసన కంటే ఆ 'ఎక్క' అన్న మాటకే ఎక్కువ బాధపడ్డాడు. ఆ రోజు నుంచీ నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నాడు.

ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ మేనేజరు. సిస్టం పడిపోతే కారణం కనిపెట్టాలి. అంతకంటే ముందు, అది తన టీమ్ వల్ల కాదని తేల్చాలి. ఈ రెండో విద్యలో ఆయనకు మంచి పేరుంది. వాసన మీద కూడా అదే పద్ధతి ప్రయోగించాడు. మొదటి అనుమానం సహజంగానే టాయిలెట్ ట్యాంకు మీద పడింది. బస్తాలకొద్దీ ఐసు ముక్కలు అందులో పోసి ట్రైలర్‌ను ఊరంతా తిప్పితే, కుదుపులకు ట్యాంకు గోడలు శుభ్రమవుతాయని ఎవరో వీడియోలో చెప్పారట. ఆదివారం పూట అరోరా వీధుల్లో ఐసును షికారు తిప్పి తెచ్చాడు. ట్యాంకు అద్దంలా మెరిసింది, వాసన కదల్లేదు. సింకు కింద వంపు గొట్టంలో నీళ్ళు ఎండిపోతే ట్యాంకు గాలి పైకి తంతుందని అందులో నీళ్ళు పోశాడు. కప్పెక్కి గాలి గొట్టం చూశాడు. అక్కడ పిచ్చుక గూడు ఉంది గానీ నేరం లేదు.

అప్పుడు ఆయన స్నేహితుడు రాజీవ్ రంగంలోకి దిగాడు. గుంటూరు మనిషి, జీవితంలో ఒకసారి టెంట్‌లో పడుకున్నాడు కాబట్టి క్యాంపింగ్ మీద అధికారం ఆయనదే. ఎలుక చచ్చిందని తేల్చేశాడు. ఎలుక దొరక్కపోతే, దొరక్కపోవడమే ఎలుక లక్షణం అన్నాడు. ఈలోగా నాగమణికి తెలియకుండా కొండల్ రావు సాంబ్రాణి వేశాడు, కర్పూరం వెలిగించాడు, అలమారాల్లో కలరా ఉండలు పెట్టాడు, కాఫీ పొడి గిన్నెలతో వంటగట్టంతా నింపాడు. ఫలితంగా, గుళ్ళో హారతి వేళ ఫిల్టర్ కాఫీ తాగుతూ ఎవరో కుళ్ళిపోయినట్టు తయారైంది. చివరికి వేద ముక్కు మూసుకుని నిజం చెప్పింది.

"నాన్నా, నువ్వు స్మెల్ తీయట్లేదు. ఇంకో స్మెల్ యాడ్ చేస్తున్నావ్."

ఆ మాట పనిచేసింది. గిన్నెలూ ఉండలూ బయటపడేసి, సింకు రంధ్రాలన్నీ టేపుతో మూసి, కిటికీలు బిగించి ట్రైలర్‌ను ఒక పూటంతా ఎండకు మగ్గబెట్టాడు. తర్వాత మోకాళ్ళ మీద లోపలికి పాకాడు. నిలబడ్డప్పుడు ఆ వాసనకు ఊరూ పేరూ లేదట. వంగితే వీధి తెలిసింది, పాకితే ఇంటి నంబరు దొరికింది. పొయ్యి కింద సొరుగు ఊడబీకి లైటు వేస్తే, పచ్చగా, బిగిసిన కోవాలా ఏదో అట్ట కట్టి ఉంది. దాని కింద చెక్క ఉబ్బి మెత్తబడింది.

పాలు.

కొన్న కొత్తలో ఒక చిక్కొచ్చిపడింది. ఇది బండా, ఇల్లా? చక్రాలున్నాయి కాబట్టి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పొయ్యి ఉంది కాబట్టి పాలు పొంగించకుండా నిద్ర చేయకూడదని నాగమణి పట్టుబట్టింది. పాలు తూర్పుకే పొంగాలి. ఇంటికి తగ్గట్టు దిక్కు వెతుక్కునే జాతిలో, దిక్కుకు తగ్గట్టు ఇంటినే తిప్పే భాగ్యం కొండల్ రావుకు దక్కింది. వాకిలి వీధి వైపు వాలుగా ఉంటుంది. ఆ వాలులోనే ముందుకీ వెనక్కీ నడిపి తూర్పుకు నిలిపాడు. పెద్ద గిన్నె నిండా పోసిన పాలు బ్రహ్మాండంగా పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. పొంగిన పాలు ముందుకు కారకుండా పొయ్యి వెనక్కి ఎటో వెళ్ళిపోయాయి. తుడిచే పని తప్పిందని సంతోషించారే తప్ప ఎటు పోయాయని ఎవరూ అడగలేదు. ఇల్లినాయి చలి వాటిని వసంతం దాకా భద్రంగా దాచిపెట్టింది.

కారణం దొరికింది గానీ కొండల్ రావుకు ముచ్చెమటలు పట్టాయి. పాలు పొంగించమన్నది ఎవరో అందరికీ తెలుసు. ఆ సంగతి ఆవిడకు ఎలా చెప్పాలి? చెప్పే తీరు చెడితే ట్రైలర్ మీద అలక అలాగే ఉండిపోతుంది.

"ఎలుకని చెప్పేయండి మాస్టారూ, గొడవుండదు" అన్నాడు రాజీవ్.

కొండల్ రావు ఒప్పుకోలేదు. "ఎలుకంటే జన్మల ఎక్కది. పాలంటే తిడ్తది. తిట్టినా ఎక్కుతది" అన్నాడు.

మర్నాడు ఆవిడను వెంటబెట్టుకెళ్ళాడు. నాగమణి చున్నీ ముక్కుకు చుట్టుకుని, వంగి, సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. ఆవిడ నడుమెత్తేలోగా ట్రైలర్ అమ్మకం ప్రకటన ఎలా రాయాలో కూడా ఆయన ఊహించేసుకున్నాడట.

"పాలు పొంగుడు మంచిదే" అంది చివరికి. "ఇల్లు వాలుల పెట్టిందెవరు?"

"నేనే."

ఎలా ఒప్పుకున్నావయ్యా అని అడిగాను. వాలు సంగతి నిజమే కదా, మిగతాది ఆవిడ అడగలేదు అన్నాడు.

ఉబ్బిన చెక్క కోసి తీశాడు. దాని కింద చలి ఆపేందుకు పరిచిన దూది తడిస్తే, అదీ పీకి పారేశాడు. పెంపుడు కుక్కల మరకలకు వాడే మందు తెచ్చి పోసి రుద్దాడు. నాగమణి బయట నిలబడి ఆజ్ఞలిచ్చింది. ఆ మూల చూడండి, ఇంకా లోపలికి చెయ్యి పెట్టండి, గట్ల కాదు. కాసేపటికి తల లోపల పెట్టి చెప్పింది. ఇంకాసేపటికి ఆయన రుద్దే తీరు చూడలేక, ఆయన చేతిలో బ్రష్షు లాక్కుని తనే కూర్చుంది. ఎక్కింది కదా అని ఆయన పైకి అనలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మాత్రం తెలివి వచ్చింది.

కొత్త చెక్క బిగించాక, రెండు రోజులు ఎండలో మూసిపెట్టి, మళ్ళీ ఇద్దరూ వెళ్ళి తలుపు తీశారు. నాగమణి గుమ్మంలో ఆగి గాలి పీల్చింది. లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర పీల్చింది. మంచం పైన అలమారా తెరిచి దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇవన్నీ సాంబ్రాణి కొడ్తున్నయి. ఇంట్ల పడేయండి. సరస్సు కాడికి నేను వేరేవి తెస్త."

ఆవిడ మనసు మార్చుకునేలోగా కొండల్ రావు దుప్పట్లన్నీ చుట్టచుట్టి ట్రక్కులో పడేశాడు.