సగం మచ్చకే మందు

బస్సు ఎక్కేముందు బోర్డు రెండుసార్లు చదవడం నాకు ఏడేళ్ళప్పుడే అలవాటైంది. పసిరికలతో, అంటే కామెర్లతో, కళ్ళు పచ్చబడిన నన్ను, కామారెడ్డిలో గాజులు తొడిగిస్తానని చెప్పి మా అవ్వ ఎల్లారెడ్డిలో బస్సెక్కించింది. అవ్వంటే నన్ను కన్న తల్లే. ఆ బస్సు కామారెడ్డికి పోలేదు. దానికి ఎదురు దిక్కున, బిచ్కుంద దగ్గరి ఊళ్ళో దిగాం. అక్కడొక ముసలాయన కొడవలి కొన కాల్చి, పసిరికలకు మందుగా నా కుడి మణికట్టు మీద వాత పెట్టాడు. కదలకుండా నా చెయ్యి పట్టుకున్నది అవ్వే.

పసిరికలు తగ్గాయి. వాత మాత్రం మానినట్టే మాని, ఏటేటా ఉబ్బి, చింతగింజలు పేర్చినట్టు గట్టిపడింది. బీడీలు చుడుతుంటే తంబాకు దుమ్ము పడి ఒకటే దురద. గాజు వేసుకుంటే ఒరుసుకుని మంట. అనుమానం పెనుభూతం అంటారు కదా, నేను దాన్ని ముద్దుగా పెంచుకున్నాను. అవ్వ ఏం చెప్పినా, వెనక ఇంకేదో ఉందనుకునే వినేదాన్ని.

తొంభైల చివర్లో, హైదరాబాదులో ఒక డాక్టరమ్మ లేజర్‌తో ఇలాంటి మచ్చలు అణుస్తుందని తెలిసి బయల్దేరాను. అవ్వ వెంట వస్తానంది. వద్దనలేదు కానీ, బస్సు బోర్డు నేనే చదివాను.

ముందు వెలుగుతో మచ్చ పైపొరను పలుచన చేసి, వెంటనే మందు పూస్తానని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికెళ్ళాక కూడా మచ్చంతా రెండు పూటలా పూయాలట. వెలుగు తెరిచిన దారిలో మందు దిగుతుందట. నాకు అనుమానం ఇంకా పెరిగింది. పనిచేసేదానికి తోడెందుకు? తగ్గకపోతే తప్పు దాని మీదికీ దీని మీదికీ తోసేయడానికేనా? పైగా, కాల్చిన చోటే మళ్ళీ కాల్చడం. ఇంతలో అవ్వ నా చెయ్యి పట్టుకోబోయింది.

"నువ్వు పట్టకు," అన్నాను. అవ్వ గోడ పక్కకు జరిగి నిలబడింది.

లేజర్ పెట్టించుకుని, మందు ట్యూబుతో ఇంటికొచ్చాక డాక్టరమ్మను పట్టించే ఉపాయం ఒకటి పన్నాను. వేళ్ళ వైపు సగం మచ్చకే మందు పూశాను. మోచేతి వైపు సగాన్ని వట్టిగా వదిలేశాను. రెండూ ఒకేలా ఉంటే ఆమె గుట్టు బయటపడుతుంది. అవ్వ బీడీలకు తునికాకు కత్తిరిస్తూ చూసేది.

కొన్ని వారాలకు మందు పూసిన సగం మెత్తబడి అణిగింది. వట్టి సగం కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. దొంగను పట్టబోయి నేనే దొరికాను.

మళ్ళీ పోయినప్పుడు డాక్టరమ్మ నా మణికట్టు తిప్పి చూసి, ఈ సగానికి మందు ఎందుకు పూయలేదని గట్టిగా అడిగింది. చెప్పిన మాట విననివాళ్ళకు వైద్యం చేయనంది. దురదతోనే బతకాలేమోనని భయమేసింది.

"నేనే మేడం," అంది అవ్వ. "మందు పొదుపు చేద్దామని సగానికే పూసిన. పిల్లకు తెల్వదు."

ఆ ట్యూబును అవ్వ ఒక్కనాడూ ముట్టలేదు. డాక్టరమ్మ తిడుతుంటే తల వంచుకుని అన్నీ పడింది. నాకు సిగ్గేసింది. చివరికి డాక్టరమ్మ కుర్చీ చూపించింది. కూర్చుని కుడి చెయ్యి చాపాను. అవ్వ అప్పటికే గోడ పక్కన నిలబడి ఉంది.

"ఇటు రా అవ్వా," అన్నాను. "చెయ్యి గట్టిగ పట్టు. కదుల్త."