గసగసాలు తెచ్చిన లక్ష్మమ్మ

నాకు అరబీ వచ్చు కాబట్టి సౌదీలోని దమ్మామ్‌లో తెలుగువాళ్ల కేసులకు కోర్టులో దుభాషిగా వెళ్తుంటాను. ఒకరోజు బోనులో లక్ష్మమ్మ నిలబడింది. రాయచోటి నుంచి ఇంటిపనికి వచ్చిన మనిషి. ఎయిర్‌పోర్టులో ఆమె సంచిలో గసగసాలు దొరికాయి. ఈ దేశంలో అవి మత్తుమందు కిందే లెక్క. నేరం రుజువైతే జైలే.

ఆ పొద్దున నేను కోర్టుకు బయల్దేరుతుంటే, "ఆమెను గట్టిగ మొక్కుకోమను అన్నా" అన్నాడు నా రూమ్మేట్.

"మొక్కుకు అరబీ రాదు తమ్మీ, నేనే పోవాలె" అన్నాను.

"ఈ గసగసాలు నీవేనా?" అని కోర్టులో జడ్జి అడిగిందాన్ని నేను తెలుగులో చెప్పాను.

"ఔ సామీ, నావే. నేనే తెచ్చినా" అంది లక్ష్మమ్మ.

ఆ మాట అలాగే చెబితే ఆమె నేరం ఒప్పుకున్నట్టవుతుంది. మార్చి చెబితే అబద్ధమవుతుంది. ఉన్నదున్నట్టే చెప్పి, ఎందుకు తెచ్చిందో కూడా అడగమని జడ్జిని వేడుకున్నాను. ఆయన అడిగారు.

"కోడికూరలోకి సామీ! కొబ్బరితో నూరి ఏస్తే పులుసు చిక్కంగా వస్తాది. మా ఊర్లో అన్ని అంగళ్లలో అమ్ముతారు. ఇక్కడ తప్పని నాకెవురూ చెప్పల్యా."

జడ్జి నవ్వు ఆపుకోలేకపోయారు. నేరం చేసే ఉద్దేశం లేదని ఆమెను వదిలేశారు.

"దేవుడే నిన్ను పంపినాడన్నా" అని బయటికొచ్చాక లక్ష్మమ్మ ఏడ్చింది.

"దేవుడిదేముందమ్మా? నువ్వు నిజం చెప్పినవ్, జడ్జి పూర్తిగ విన్నడు" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, "అయితే మా ఊరోళ్లకు ఈ సంగతి ఇప్పుడే చెప్పాల" అంటూ ఫోన్ అందుకుంది. తలరాత అని ఊరుకోకుండా, తెలిసింది నలుగురికీ చెప్పే మనుషులున్నంతకాలం నాకు ఆశ ఉంటుంది.