కొలువెక్కిన జిగ్గులు

నేను చెప్పేదాంట్లో మూడోవంతు తీసేసి చదువుకోండి. మా ఇంట్లోవాళ్లు సగం తీసేస్తారు, అది అన్యాయం. చీమ కుడితే తేలని, తుంపర పడితే తుఫానని రాసే చెయ్యి ఇది. యాభై దాటాక మారదు. అయితే ఇందులో ఉన్న కోపానికి మాత్రం ఏ తగ్గింపూ లేదు. దాన్ని సరిగ్గా తూచి పెట్టాను.

జిగ్ అంటే చేపలకు వేసే ఎర. గాలం మెడకు సీసంతో తల పోసి, చేపలా రంగులేసి, వెనక దారాల తోక కట్టాలి. నీళ్లలో ఎగరేస్తూ లాగితే పెద్ద చేప దాన్ని చిన్న చేప అనుకుని నోట కరుస్తుంది. కొట్లో దొరుకుతాయి. నాకు ఇంట్లో చేసుకోవాలని పంతం. మాతో చేపలకు వచ్చే సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఒకాయన ఉన్నాడు, హూడిలో ఉంటాడు. ఆయన ఎరల పెట్టెలో మా ఇంట్లో కంటే ఎక్కువ గదులుంటాయి. నా పంతం విని నవ్వాడు.

"సార్, హోమ్‌మేడ్ అనేది పచ్చళ్లకే బాగుంటుంది."

నలుగురి ముందు అన్నాడు. అక్కడే పందెం వేశాను. నవరాత్రుల్లో వచ్చే ఆదివారం, ఆనేకల్ వైపు చెరువులో, నేను చేసిన జిగ్‌కి ఒక్క కొరమీనైనా తగలాలి. తగలకపోతే ఏడాది పొడుగునా అందరి సంచులూ నేనే మోయాలి.

కార్ల చక్రాలు సరిచేసే కొట్లో పారేసే సీసం ముక్కలు అడిగి తెచ్చాను. ప్లాస్టర్‌లో అచ్చు చెక్కి పది రోజులు ఎండబెట్టాను. తడి ఉంటే సీసం ముఖం మీదికి చిమ్ముతుంది. మేడ మీద ఇనుప గరిటెలో సీసం కరిగిస్తుంటే ఆ సెగకి మూడు వీధుల కాకులు ఊరు వదిలిపోయాయి. తలల మీద ముందు తెల్లరంగు, దానిపైన మా ఆవిడ గోళ్లరంగులు. గుండుసూది తలని నల్లరంగులో ముంచి కన్ను పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. నేను బిగబట్టిన ఊపిరితో లారీ టైరు నింపొచ్చు. తోకలకి ఆనేకల్ మగ్గాల దగ్గర మిగిలిన పట్టుదారం. మొత్తం పన్నెండు జిగ్గులు. ఆ అంకె మాత్రం పెంచలేదు.

మా అమ్మకి ఇది మొదట్నుంచీ నచ్చలేదు.

"నవరాత్రుల్లో చేపల మాట ఎత్తొద్దప్పా."

"తినేదానికి కాదమ్మా. పట్టి మళ్లీ నీళ్లలోకి వదిలేస్తాం."

"వదిలేదానికి పట్టేదెందుకు? నీకంటే పని లేదు, దానికీ లేదా?"

నవరాత్రులు మొదలైన శుక్రవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో బొమ్మల కొలువు తీరి ఉంది. కింది మెట్టు ముందు అద్దం పరిచి చేసిన చెరువు, చుట్టూ ఆవాల మొలకల గడ్డి, గట్టున రెండు బాతులు. ఆ అద్దం మీద నా పన్నెండు జిగ్గులూ ఈదుతున్నాయి. ఒక్కదానికీ గాలం లేదు. అమ్మ కటింగ్ ప్లయరుతో మొదలంటా కత్తిరించేసింది. గాలం సీసంలో కలిపి పోసింది కాబట్టి తెగితే అతకదు. కరిగించి మొదట్నుంచీ చేసుకోవాల్సిందే.

"పేరంటానికి పిల్లోళ్లు వస్తారు కదప్పా. గుచ్చుకుంటే ఎవురు జవాబు?" అంది అమ్మ. "ఇన్నేళ్లూ చెరువు ఉండాది, చేపలు లేవు. ఇప్పుడు ఎంత సొగసుగా ఉండాదో చూడు."

అప్పుడు అరిచాను. మెట్ల మీది దశావతారాల్లో మత్స్యావతారం తప్ప తక్కిన తొమ్మిదీ వణికిపోయాయి. చేపల మాట ఎత్తొద్దన్న మనిషి ఇంట్లో పన్నెండు చేపలు పెట్టి హారతివ్వడం ఏ న్యాయమని అడిగాను. నా చేతిపని, నా పరువు, రాబోయే ఏడాదంతా నా నడుము, అన్నీ ఒక్క ప్లయరుతో తెంచేశావన్నాను. పావుగంట, అన్న మాట మళ్లీ అనకుండా.

కనీసం సీసమైనా దక్కుతుందని ఒకటి తీయబోయాను.

"కొలువులో పెట్టింది దశమి దాకా కదిలించకూడదు" అంది అమ్మ. అంతటితో తీర్పు అయిపోయింది.

శనివారం సాయంత్రం పేరంటం. వచ్చిన ప్రతి ఆవిడా చెరువు దగ్గర ఆగి, చేపలెక్కడ కొన్నారని అడగడం, అమ్మ చిక్కపేట బజార్లో అనడం. వంటింట్లో శనగల పొట్లాలు కడుతూ నేను పళ్లు నూరుతుంటే లోపలికొచ్చి, "మావాడు చేసినాడంటే నమ్మరప్పా" అని పొట్లాలు తీసుకుపోయింది. చివర్లో హూడి మిత్రుడు భార్యను తీసుకెళ్లడానికి వచ్చాడు. కొలువు ముందు వంగి చాలాసేపు చూశాడు.

"సార్, మీ జిగ్గులకి చేపలు పడతాయన్నారు. అవే చేపలైపోయాయే."

ఆదివారం చెరువుకి వట్టిచేతులతో వెళ్లాను. వచ్చేటప్పుడు నాలుగు సంచులు, రెండు మడత కుర్చీలు, ఆయనగారి ఎరల పెట్టె. ఇప్పటికీ మోస్తున్నాను. ఆ పెట్టె ఎత్తిన ప్రతిసారీ కోపం ఆ శుక్రవారం నాటంత తాజాగా వస్తుంది.

ఇక నేను కల్పించింది. కాకులు కాదు, రెండు కాకులు నిజంగానే పోయాయి. కల్పించింది ఆ పావుగంట అరుపు. కోపం మాత్రం నిజం, ఇంకా అలాగే ఉంది. ఆ రోజు అద్దం ముందు గొంతుక్కూర్చుని చూస్తే, ప్లయరు జారి ఎర్రదాని కన్ను గీరుకుపోయి కనిపించింది. మర్నాడు పొద్దున అమ్మ స్నానానికి వెళ్లగానే, కదిలించకూడదని తెలిసీ దాన్ని తీసి, గుండుసూదితో కొత్త కన్ను పెట్టాను. ఆరాక మళ్లీ అక్కడే ఉంచాను, బాతుల వైపు కాకుండా గుమ్మం వైపు తిప్పి. వచ్చేవాళ్లకి కనపడాలి కదా.