క్షమించిందని ఎవరు చెప్పారు?

నేను విజయవాడలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. కొన్నేళ్ల క్రితం వేసవి సెలవుల్లో, మంగళగిరిలో ఉండే రిటైరైన హైస్కూలు మాస్టారు ఒకాయన తన నవల రాతప్రతి తెచ్చి, ముందుమాట రాయమని అడిగారు.

"మా హీరో మీకు నచ్చుతాడండీ," అన్నారు వెళ్తూ వెళ్తూ.

ఆ మాట దగ్గరే నాకు ఏదో తేడా కొట్టింది. ఇంకా చదవనివాళ్లకు హీరో అని ముందే చెప్పాల్సి వచ్చిందంటే, వాడేదో చేసే ఉంటాడు.

చేశాడు కూడా. నవలలో అతనొక నేతగాడు. మగ్గాలవాళ్లను కూడగట్టి సమ్మె చేయిస్తాడు. ఒక నేతగాడి కూతుర్ని చెయ్యి పట్టి లాగిన షావుకారును నడిబజారులో పడేసి కొడతాడు. ఊరంతా అతనికి దణ్ణం పెడుతుంది. అదే మనిషి ఇంటికొచ్చి, కూరలో ఉప్పెక్కువైందని భార్యను నాడెతో కొడతాడు. మగ్గం మీద నూలు మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే కొయ్య అది. దాని చివర్లు మొనతేలి ఉంటాయి. ఆఖరి అధ్యాయంలో అతను చనిపోతుంటే, భార్య అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని, "ఊరందరికీ దేవుడివి, నాకేం తక్కువ చేశావు" అంటుంది.

చదివిన మర్నాడు నాలో అనుమానం మొదలైంది. దెబ్బ పడేముందు ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, ఆమె ఏ గోడ వైపు జరుగుతుందో ఆయన మరీ కచ్చితంగా రాశారు. ఇవన్నీ కొట్టినవాడికే తెలియాలి. మాస్టారి మెత్తటి గొంతూ, మాటమాటకీ "అండీ" అనడమూ గుర్తొచ్చాయి.

ముందుమాట రాయనని ఫోనులో చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆయన భార్యను ఒకసారి చూడాలనిపించింది. ఆదివారం మంగళగిరి బస్సెక్కాను.

తలుపు ఆవిడే తీశారు. అంత ఎండలోనూ మోచేతులు దాటిన చేతుల జాకెట్టు వేసుకున్నారు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. మంచినీళ్లు ఇస్తుంటే మణికట్టు చూశాను, నుదురు చూశాను. మాస్టారు పిలిచినప్పుడు ఉలిక్కిపడతారేమోనని చూశాను. "కాఫీలో పంచదార వేసుకుంటారాండీ?" అని ఆవిడ రెండోసారి అడిగితే గాని నాకు వినపడలేదు.

గది మూల మంచం మీద మాస్టారి తల్లి కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. ఆవిణ్ణి నేను పెద్దగా పట్టించుకోలేదు.

"ఇతన్ని ప్రధాన పాత్ర అనండి, ఒప్పుకుంటాను," అన్నాను మాస్టారితో. "హీరో అని ఎలా అంటారు?"

"బజార్లో అతను అడ్డం పడకపోతే ఆ పిల్ల గతేంటండీ? మనిషన్నాక తప్పులుండవా? నేనేం దాచలేదుగా. ఆఖర్న ఆవిడే క్షమించేసింది."

"ఆవిడ క్షమించిందా, మీరు క్షమించినట్టు రాశారా?" అంటూ ఆయన భార్య వైపు చూశాను. ఆవిడ చూపు మంచం మీద ఉంది.

మాస్టారు ఆఖరి అధ్యాయం తీసి పైకి చదవడం మొదలుపెట్టారు. పాదాలు ఒళ్లోకి తీసుకునే చోటికి వచ్చారు.

"ఒరేయ్," అంది ముసలావిడ. "ఎవర్రా అది?"

"కథలేమ్మా."

"మీ నాన్నేగా. నేనెప్పుడు పట్టుకున్నాన్రా కాళ్లు? ఆయన పోయే పూట నేను వాకిట్లో కూర్చున్నా. ఎంతమంది పిలిచినా లోపలికి రాలా." ఆవిడ జుట్టు పక్కకు తీసి చెవి వెనక మచ్చ చూపించింది. "ఇది నీ కళ్లముందేగా జరిగింది. తలుపు చాటున నుంచుని ఏడ్చావుగా."

ఆ గది ఆయనకు అంత కచ్చితంగా ఎలా తెలుసో అప్పుడు అర్థమైంది. సిగ్గుతో తల దించుకున్నాను.

"ఊళ్లోవాళ్లంతా నాన్నని హీరో అన్నారమ్మా," అన్నారాయన.

"ఊళ్లోవాళ్లు మనింట్లో ఉన్నారేంట్రా?"

తిరుగు బస్సులో ఇంకో సంగతి బయటపడింది. ఇంట్లో నవల చదివినప్పుడు, షావుకారు తన్నులు తినే పేజీలు నేను వెనక్కి తిప్పి మళ్లీ చదువుకున్నాను. భార్య దెబ్బలు తినే పేజీలు గబగబా దాటేశాను. ఆఖరి అధ్యాయానికి కళ్లనీళ్లు పెట్టుకున్నాను కూడా. ఆమె క్షమించాలని నాకూ ఉందన్నమాట.

వానాకాలం వెళ్లాక మాస్టారు కొత్త ముగింపు తెచ్చారు. అందులో భార్య వాకిట్లోనే కూర్చుంటుంది, లోపలికి రాదు. ముందుమాట రాసిచ్చాను. పుస్తకం వచ్చాక చూస్తే, వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో "ఒక వీరుడి కథ" అని ఉంది.

వెంటనే ఫోన్ చేశాను.

"ప్రెస్సువాళ్లు వేశారండీ," అన్నారు మాస్టారు.

"కొత్త ముగింపు మీ అమ్మగారికి వినిపించారా?"

"ఆ, విన్నదండీ. బాగుందంది."

"ఒకసారి ఆవిడకు ఇస్తారా ఫోను?"

"పడుకుందండీ," అన్నారు.

అప్పుడు ఉదయం పది గంటలు.