రెండు పొట్లాల్లోనూ తెల్లపూలే

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక పూల పొట్లం. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియని బరువు. దాన్ని దించుకునే అవకాశం ఆ ఆదివారం భోజనాల దగ్గర నా కంచం ముందుకే వచ్చింది. దించుకోలేదు. పైగా నవ్వాను. ఆ రోజు చేసిన తప్పు అది. ముందు దాన్ని ఒప్పుకుంటే, దాని వెనకున్న పెద్దది ఒప్పుకోవడానికి నోరు వస్తుందేమో.

మా అమ్మాయి చిన్ని డాక్టరు. మాలాగే సింగపూర్‌లోనే, పుంగ్గోల్‌లో కాపురం. ఇప్పుడిప్పుడే మాటలొస్తున్న కొడుకు. రెసిడెన్సీకి రెండు దారులున్నాయి తనకి. ఒకటి కాన్పుల విభాగం, చదువుకునే రోజుల నుంచీ కోరుకున్నది. రాత్రీ పగలూ ఉండదు దానికి. రెండోది ఫ్యామిలీ మెడిసిన్, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. నెలరోజులుగా తేల్చుకోలేక నలిగిపోతోంది. ఆ ఆదివారం మా ఇంటికొచ్చి, బాబుకి పప్పన్నం పెడుతూ అంది.

"నాన్నా, నా వల్ల కాదు. ఈ శుక్రవారం పూలు వేసి చూసేద్దాం. అమ్మకి దారి చూపించిన దేవుడు నాకు చూపించడా? అప్పుడు నేను తీశాను, ఈసారి వీడు తీస్తాడు."

మా ఆవిడ సుజాత నవ్వి, పొట్లాలు మీ నాన్నే కట్టాలి, ఆయన చెయ్యి మంచిది అంది.

నేనూ నవ్వాను. అలాగే కడతానన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అసలు సంగతి చెబుతాను. చిన్నికి అప్పుడు నాలుగేళ్ళు. ఆంగ్ మో కియోలో అద్దె ఫ్లాటు. ఐటీ ఊపు మీదున్న రోజులు. ప్రోగ్రామింగ్ వచ్చినవాడికి సింగపూర్ ఎర్రతివాచీ పరిచేది. నేను ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. సుజాత ఇక్కడి ఆసుపత్రిలో చిన్న డాక్టరు. ఇప్పుడు రెసిడెన్సీ అంటున్నారు గానీ అప్పట్లో ట్రైనీషిప్ అనేవాళ్ళు. అది దొరికితేనే స్పెషలిస్టు. లేకపోతే ఎన్నేళ్ళయినా అక్కడే.

సర్జరీ వార్డులో పనిచేసినన్నాళ్ళూ సుజాత వేరే మనిషి. ఇంటికొచ్చేసరికి కళ్ళు పీక్కుపోయి ఉండేవి, కానీ అన్నం కలుపుకుంటూ ఆ రోజు ఆపరేషన్ మొత్తం మాకు చెప్పేది. పేగు ఎలా దొరికింది, ఎక్కడ కుట్టారు, తన చేత ఏం చేయించారు. చిన్ని అది విని, నేను వేసిన దోశని చెంచాతో కోసి, లోపలి బంగాళాదుంప ముక్కలు ఒక్కొక్కటీ బయటికి తీసి, "అపెండిక్స్ అవుట్" అనేది. నేను పళ్ళెంలో ఉన్న పేషెంటుని తినేసేవాణ్ణి. అదొక ఆట మాకు.

ఆ రోజుల్లో చిన్నిని చూసుకున్నది నేను. దానికి జడ వేయడం నేర్చుకున్నాను. ఒక జడ చెవి పైకి, ఒకటి మెడ కిందికి వచ్చేవి. కిండర్‌గార్టెన్‌లో దింపడం, సాయంత్రం తీసుకురావడం, బ్లాకు కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో పిల్లి పిల్లల్ని లెక్కపెట్టించడం. నిజం చెబుతున్నాను, నా జీవితంలో అంత బాగున్న రోజులు తక్కువ. ఈ నిజం కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే మిగతాది దాచడం కుదరదు కదా.

మరి ఎందుకు చేశాను?

ఆఫీసులో అందరూ రాత్రి దాకా కూర్చునేవాళ్ళు. నేను ఆరింటికి బ్యాగు సర్దుకునేవాణ్ణి. నాతో పనిచేసే మన గుంటూరు అతను ఒకరోజు కాఫీకెళ్ళినప్పుడు హాకర్ సెంటర్ టిఫిన్ కొట్ల దగ్గర, అందరి ముందూ, "ఏం గురూ, చెల్లెమ్మ కత్తి పడితే నువ్వు గరిటె పట్టావా?" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను. కాఫీ తాగేసి వచ్చి సీట్లో కూర్చున్నాక కూడా చెవులు వేడిగానే ఉన్నాయి. ఆ తర్వాత టీమ్ లీడ్ పదవి ఎవరికిస్తారన్న మాట వచ్చింది. రాత్రుళ్ళు ఉండగలిగినవాడికే అన్నారు. సుజాతకి సర్జరీ వస్తే నేను ఆరేళ్ళపాటు ఆరింటికి బ్యాగు సర్దుకునేవాడిగానే ఉండిపోతాను. ఆ లెక్క నా బుర్రలో రోజూ నడిచేది. పైకి మాత్రం "నీ ఇష్టం సుజా" అనేవాణ్ణి. ఎంత మంచి భర్తనో.

సర్జరీకీ, ఫ్యామిలీ మెడిసిన్‌కీ రెండిటికీ రమ్మన్నారు. సుజాత తేల్చుకోలేకపోయింది. పాపని చూస్తే ఒకటి, వార్డు తలుచుకుంటే ఇంకొకటి. నీ ఇష్టం అంటూ నేను బరువంతా తన మీదే పెట్టాను. నేనున్నాను, పాపని చూసుకుంటాను అన్న ఒక్క మాట కోసం తను ఎదురుచూసిందేమో. ఆ మాట నా దగ్గర ఉంది. ఇవ్వలేదు. చివరికి వాళ్ళ పుట్టింటి పద్ధతి ఒకటి ఉంది, పూలు వేసి చూద్దామంది. రెండు ఆకు పొట్లాలు. ఒకదాంట్లో తెల్లపూలు, ఒకదాంట్లో ఎర్రపూలు. దేవుడి ముందు పెట్టి చిన్నపిల్లతో ఒకటి తీయిస్తారు. ఏది వస్తే అది. ఎరుపు సర్జరీ, తెలుపు ఫ్యామిలీ మెడిసిన్ అనుకుంది. ఏది ఎందులో ఉందో తనకి తెలియకూడదు కాబట్టి కట్టే పని నాకిచ్చింది.

శుక్రవారం పొద్దున. సుజాత తలంటుకుని దీపం పెడుతోంది. నేను వంటింట్లో అరటాకు ముక్కలు కోసుకుని కూర్చున్నాను. పళ్ళెంలో కారిడార్ కుండీలోని నందివర్ధనాలు, బ్లాకు కింద కోసుకొచ్చిన ఎర్ర నూరువరహాలు. మొదటి పొట్లంలో నందివర్ధనాలు పెట్టి దారం కట్టాను. రెండో ఆకు తీసుకున్నాను. ముందే అనుకుని చేశానని చెప్పలేను. అనుకోకుండా చేశానని చెబితే అబద్ధం. నా చెయ్యి మళ్ళీ తెల్లపూల మీదికే వెళ్ళింది. దాన్ని నేను ఆపలేదు.

చిన్ని కళ్ళు మూసుకుని, నాలుక బయటపెట్టి, చాలా బాధ్యతగా ఒక పొట్లం తీసింది. సుజాత విప్పింది. తెల్లపూలు చూసి నవ్వింది. చిన్నిని ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. నేను మిగిలిన పొట్లాన్ని గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెంలోని ఎర్రపూలతో సహా, గోడలో ఉండే చెత్త గొట్టం తలుపు తీసి పడేశాను. ఎన్నో అంతస్తులు జారి వెళ్ళాయి. చప్పుడు కూడా రాలేదు.

కాసేపటికి సుజాత రెండో పొట్లం ఏదని అడిగింది, పూలు కుండీలో వేస్తానని. పారేశానన్నాను. దేవుడి పూలు చెత్తలో వేస్తారా ఎవరైనా అని కోప్పడి, నన్ను దీపం ముందు నిలబెట్టి లెంపలు వేసుకోమంది. వేసుకున్నాను. పక్కన చిన్ని కూడా సరదాగా వేసుకుంది. పెద్ద తప్పు కడుపులో దాచుకుని చిన్న తప్పుకి లెంపలు వేసుకున్న మనిషిని నేను.

నేను టీమ్ లీడ్ అయ్యాను. సుజాత బెడోక్‌లో ఒక క్లినిక్‌లో ఫ్యామిలీ డాక్టరయింది. ముసలివాళ్ళు తనకోసం పొద్దున్నే వచ్చి టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ ఆపుకుంటారు, ఇక్కడి మాటలో చోప్ చేసుకుంటారు. తన పేషెంట్ల పిల్లలకి పిల్లలు పుట్టారు. చూశావా, మంచే జరిగింది అని నాకు నేను చెప్పుకుని ఎన్నిసార్లు నిద్రపోయానో. కానీ ఆ మంచి తను చేసింది. అందులో నాది ఏముంది? ఇంట్లో చొక్కా గుండీ ఊడితే సుజాత ఇప్పటికీ సర్జన్లు వేసే ముడి వేస్తుంది. తను కుట్టిన గుండీ ఏదీ మళ్ళీ ఊడలేదు. అది వేసేటప్పుడు తన వేళ్ళని చూడలేక నేను పేపరు చదువుతున్నట్టు నటించేవాణ్ణి.

ఆ ఆదివారం చిన్ని వాళ్ళు వెళ్ళిపోయాక సుజాత గిన్నెలు తోముతోంది. నేను తుడుస్తున్నాను. శుక్రవారం పూలు ఎక్కడ కొనాలో చెబుతోంది. ఈసారి బాబు చెయ్యి. మళ్ళీ నేను కట్టిన పొట్లం. నా కూతురు నా అబద్ధాన్ని దేవుడి మాటనుకుని దాని చేతిలో తన బతుకు పెట్టబోతోంది. గుడ్డ పక్కన పెట్టి చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు.

సుజాత కొళాయి కట్టేసింది. "రెండిట్లోనూ తెల్లవేనా?"

"రెండిట్లోనూ."

తోముతున్న గిన్నెని సింకులో పెట్టేసింది. "నేను ఎర్రవి రావాలని మొక్కుకున్నాను," అంది.

"మరి నవ్వావు కదా సుజా."

"పాప నా మొహంలోకే చూస్తోంది. నవ్వక ఏం చేస్తాను?"

చేతులు తుడుచుకుంది. చిన్నికి మీరే చెప్పండి, ఫోన్లో కాదు, వెళ్ళి చెప్పండి అంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు.

మర్నాడు పుంగ్గోల్ వెళ్ళాను. నీళ్ళ ఒడ్డున బాబు పావురాల వెంట పడుతుంటే బెంచీ మీద కూర్చుని చిన్నికి మొత్తం చెప్పాను. విన్నాక అది నా వైపు తిరగలేదు. "అమ్మ దారి నా చేత్తో తీశానని స్కూల్లో అందరికీ చెప్పుకున్నాను నాన్నా. ప్రౌడ్‌గా ఫీలయ్యాను. అక్కడ తీయడానికి ఏమీ లేదన్నమాట," అంది.

అప్పుడు ఆ మాట అన్నాను. నీకు ఏది కావాలో అది తీసుకో, బాబుని నేను చూసుకుంటాను, నీ డ్యూటీ పగలైనా రాత్రయినా అని.

"ఇది అమ్మకి చెప్పుంటే సరిపోయేది కదా," అంది చిన్ని.

లేచి, నీళ్ళ అంచుదాకా వెళ్ళిన బాబుని పట్టుకొచ్చాను. 

ఆ శుక్రవారం ఎవరూ పొట్లాలు కట్టలేదు. చిన్ని కాన్పుల విభాగమే తీసుకుంది, తనే తేల్చుకుని. నేను ఆఫీసులో మా మేనేజరు కుర్రాడి దగ్గరికెళ్ళి, మనవణ్ణి చూసుకోవాలి, ఇకనుంచి నాలుగింటికే వెళ్ళిపోతానని చెప్పాను. ఓకే అంకుల్ అన్నాడు. అంతే. దీనికోసమేనా నేను అంత పని చేశాను?

సుజాత నాతో అవసరమైనవి మాట్లాడుతోంది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే అది కూడా తన మీద ఇంకో పని పెట్టడమే అనిపించింది. చెప్పేశాక మాత్రం గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది, అంతవరకే నాకు దక్కింది. నిన్న చొక్కా గుండీ ఊడింది. తన దగ్గరికి తీసుకెళ్ళలేదు. సూదిలో దారం ఎక్కించుకుని నేనే కుట్టుకున్నాను. ఇవాళ బాబుని ఇంటికి తీసుకొస్తుంటే పుంగ్గోల్ రైల్లో వాడు దాన్ని పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. జేబులో వేసుకున్నాను. వాడికి అన్నం తినిపించి, నిద్రపుచ్చాక మళ్ళీ కుట్టాలి.